పన్నెండు గంటల ఫిరంగి

"పన్నెండింటికి బురుజు మీద ఫిరంగి పేలుతుంది కదా, ఆ మోతలోనే ఎమిల్‌ని కాలుస్తారు."

బార్తోల్ ఈ మాటన్నది దోలత్స్ బజారులో, ఎర్ర గొడుగు కింద జున్ను బేరమాడుతూ. దున్యా చేతిలోని చెర్రీల పొట్లం జారబోయింది. జాగ్రెబ్‌లో పదకొండేళ్ళుగా ఆమె టూరిస్ట్ గైడు. ఆరేళ్ళుగా బార్తోల్ కింద సీక్రెట్ ఏజెంటు కూడా. ఇన్నాళ్ళూ కవర్లు చేరవేయడమే తప్ప తుపాకీ జోలికి పోలేదు.

"ఎమిల్ ఇవాళ నా టూర్‌కే వస్తున్నాడు, రద్దు చేద్దాం సార్."

"చేస్తే మనకి తెలియని చోట చంపుతారు. రేపు కోర్టులో ఆ ముసలాయన నోరు విప్పితే విదేశీ ముఠా అంతా లోపలికి పోతుంది. ముఠాలో మన మనిషి లీవియా నీ గుంపులోనే వస్తుంది. ఎక్కడ క్షేమమో ఆవిడే చెబుతుంది."

"భయంగా ఉంది సార్."

"భయపడు. నడుస్తూ భయపడు."

పదింటికి గుంపు బయల్దేరింది. నీలం పట్టు గౌనులో ఒకావిడ పక్కకొచ్చి, "జున్ను ష్ట్రుక్లి ఎక్కడ బాగుంటాయి?" అంది.

"ఉడికించినవా, కాల్చినవా?"

"రెండూ కాదు. మా అమ్మ చేసినవి."

కోడ్ సరిపోయింది. లీవియా నవ్వితే నలుగురు మగవాళ్ళు తిరిగి చూశారు.

రంగు పెంకుల చర్చి దగ్గర, కొవ్వొత్తుల రాతి ద్వారం దగ్గర దున్యా నోరు దాని పాటికి కథలు చెబుతూనే ఉంది. కళ్ళు మాత్రం మేడల కిటికీలు వెతుకుతున్నాయి. ఎమిల్ పాపం అన్నిటికీ తలూపుతున్నాడు.

పన్నెండుకి రెండు నిమిషాలుండగా బురుజు కిందికి చేరారు. "ఎమిల్‌ని పిట్టగోడ దగ్గర నిలబెట్టు. అక్కడ ఎవరికీ కనబడడు," అని లీవియా గొణిగింది. తన తెల్ల టోపీ తీసి ఎమిల్ తల మీద పెట్టింది. "ఎండగా ఉంది, ఉంచుకోండి."

దున్యా గోడ వైపు చూసింది. ఆ గోడ దగ్గర పదకొండేళ్ళుగా జనానికి ఫొటోలు తీసింది తనే. అక్కడ నిలబడితే కింది ఊళ్ళో ప్రతి కిటికీకీ కనబడతారు.

లీవియా మీద తన అనుమానం తప్పయితే? ఆలోచించే వ్యవధి లేదు. టోపీ లాగి లీవియా తల మీద పెట్టింది. ఎమిల్‌ని బురుజు గుమ్మంలోకి నెట్టి, లీవియా చెయ్యి తన చేతిలో బిగించి గోడకి ఆనుకుంది.

"మీకే బాగుందండీ. ఫొటో దిగుదాం."

లీవియా మొహం పాలిపోయింది. "వదులు."

"అర నిమిషం."

"వదులు, పిచ్చిదానా, వాడు టోపీనే చూసి కాలుస్తాడు..." అంటూ నేల మీద పడింది, దున్యాని కూడా లాక్కుంటూ. ఫిరంగి పేలింది. వాళ్ళ తలల పైన గోడ పెచ్చు లేచింది. కింద ఒక మేడ కిటికీలో మెరుపు చూసిన బార్తోల్ మనుషులు అప్పటికే ఆ మేడ మెట్లెక్కుతున్నారు.

కాసేపటికి లీవియా చేతులకి బేడీలు పడ్డాయి. గుంపులో ఒక పెద్దావిడ కెమెరా దించి, ఇది రోజూ ఉంటుందా అని అడిగింది.

"ఫిరంగి రోజూ ఉంటుందండీ," అంది దున్యా, గోడ పట్టుకుని లేస్తూ. "మిగతాది ఇవాళ ఉచితం."