ఆఖరి వరుసకి వినబడట్లేదు

ఆ కాలేజీలో నేలకింద ఒక రిహార్సల్ హాలు ఉంది. పగలు అందులో కుర్చీ దొరకదు. పొద్దుగూకాక మాత్రం ఎంత మొనగాడైనా అటు తొంగిచూడడు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు గానీ, కథలన్నీ ఆఖరి వరుస దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఎప్పుడో ఒక పిల్ల, దేశం కాని దేశం వచ్చి చదువుకునేది, పని చేసీ చేసీ అలిసిపోయి ఆ వరుసలో కునుకు తీసిందట. మళ్ళీ లేవలేదు. చరిత్ర వాళ్ళేమో నాటకం క్లాసులో ఉందనుకున్నారు. నాటకం వాళ్ళు తత్వశాస్త్రం క్లాసులో ఉందనుకున్నారు. తత్వశాస్త్రం వాళ్ళు... వాళ్ళసలు ఏమీ అనుకోలేదు. వెతికే దిక్కు లేక అక్కడే ఉండిపోయిందట. చీకట్లో వేదిక మీద ఎవరైనా నోరు తెరిస్తే వెనకనుంచి జవాబిస్తుందంటారు.

నిజమో, గాలి కబురో! విన్నది విన్నట్టు చెబుతున్నాను.

మన కథలో అమ్మాయి చదివేదీ అదే చదువు. కాస్త చరిత్ర, కాస్త నాటకం, కాస్త తత్వం. ఇంటి దగ్గర బాబాయి దానికి "కలగూరగంప చదువు" అని పేరు పెట్టాడు. ఇంటిల్లిపాదితో పోట్లాడి ఆమెని విమానం ఎక్కించింది కూడా ఆ బాబాయే. ఈ పేరు సంగతి గదిలో ఉండే అక్కకి చెప్పడం ఆమె చేసిన పొరపాటు. ఆ రోజు నుంచీ ఆమె "గంప" అయిపోయింది.

అక్కంటే తోడబుట్టింది కాదు. ఒకే గది, ఒకే పొయ్యి పంచుకునే అక్క. లెక్కల్లో పరిశోధన చేస్తోంది. రుజువు చూపిస్తే తప్ప పాలు తెల్లగా ఉంటాయన్నా ఒప్పుకునే రకం కాదు.

గంపకి వచ్చిన చిక్కల్లా గొంతుతోనే. పాత కాగితాల్లో పేరైనా మిగలని ఒక పనిమనిషి కథ తవ్వితీసి, ఆ మనిషి మాటలు తనే రాసి, పరీక్షలో తనే వేదిక మీద చెప్పాలి. తవ్వడం తవ్వింది. రాయడం బ్రహ్మాండంగా రాసింది. తీరా ఎదురుగా మనుషులు కనబడేసరికి గొంతు నూతిలోకి దిగిపోయేది. అప్పటికే ఒకసారి తప్పింది. "ఈసారి కూడా ఆఖరి వరుసకి వినబడకపోతే నేను చేయగలిగిందేం లేదు" అని నాటకం మేడం మెత్తగానే చెప్పింది. అంటే ఇక పెట్టేబేడా సర్దుకోవడమే.

సాధన చేద్దామంటే పగటిపూట హాలు నాటకం వాళ్ళదే. చరిత్ర వాళ్ళని అడిగితే మాకు హాలెందుకన్నారు. రెండు పడవల మీద కాళ్ళు పెడితేనే మునుగుతారంటారు. ఈమెవి మూడు పడవలు. మిగిలింది రాత్రి ఒక్కటే, తెల్లవారితే పరీక్ష.

"తోడొస్తా పద" అంది అక్క.

"వద్దక్కా. నువ్వుంటే నాకు నోరు పెగలదు."

"మరి అక్కడ దెయ్యం ఉంటేనో?"

"ఉండనీ. దాన్ని చూసి భయపడే ఓపిక కూడా లేదు నాకు."

నిజంగానే లేదు. పొద్దుట క్లాసులు, సాయంత్రం లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని, రాత్రి చదువు. నిద్ర కరువై వారమైంది. ఆవలిస్తూనే హాలు మెట్లు దిగింది.

హాలుకి ఒకటే తలుపు, అదీ ఆఖరి వరుస వెనకాల. వేదిక మీద ఒక్క దీపం వేసుకుంది. అవతలంతా చీకటి... కుర్చీలున్నాయని తెలుసు కాబట్టి ఉన్నాయనుకోవడమే.

ఆ హాల్లో ఒక పద్ధతుంది. మొదలుపెట్టే ముందు వెనకవాళ్ళకి వినబడుతోందో లేదో అడగాలి. మేడం నేర్పే మొదటి పాఠం అదే. రాత్రిపూట మాత్రం అడగకూడదన్నది పిల్లలు ఒకరికొకరు నేర్పుకున్న పాఠం.

గంప అలసటలో రెండోది మరిచిపోయింది. అక్కడి భాష కూడా మరిచిపోయి, తెలుగులోనే అడిగేసింది.

"వెనక్కి వినబడుతోందా?"

చీకట్లోంచి తెలుగులోనే జవాబొచ్చింది.

"వినబడట్లేదు."

ఒంట్లో రక్తం గడ్డకట్టింది. చీకట్లో ఏదో గుసగుస... కుర్చీ కిర్రుమన్న చప్పుడు... దడాలున తలుపు మూసుకుంది.

పోయింది! అమ్మయ్య, పోయింది—

"ఇంకా గట్టిగా."

పోలేదు. తలుపు మూసి మరీ కూర్చుంది.

గంప ఉన్నచోటనే కూలబడి ఏడ్చింది. భయం కన్నా విసుగే ఎక్కువ ఆ ఏడుపులో. "నన్ను చంపుతావా? చంపు. ఎలాగూ రేపు మేడం చేసే పని అదే!" అని అరిచింది.

"ఊఁ... ఇలాగే. కథ చెప్పు."

ఆ గొంతులో కోపం లేదు. అదీ అలిసిపోయిన గొంతే.

ఏం చేస్తుంది? లేచింది, చెప్పింది. గొంతు జారినప్పుడల్లా చీకట్లోంచి "ఇంకా గట్టిగా" అని వినబడేది. పనిమనిషి ఏడ్చే చోట గంపకి నిజంగానే ఏడుపొచ్చింది. కాసేపటికి ఎవరితో మాట్లాడుతోందో మరిచిపోయింది. ఎన్నిసార్లు చెప్పిందో తెలీదు. చివరికి ఆ గొంతు మెల్లగా అంది.

"ఇప్పుడు వినబడింది."

ఆ మాట వింటూనే వేదిక మీదే ఒరిగి నిద్రపోయింది. తెల్లవారాక హాలు తుడవడానికి వచ్చినవాళ్ళు లేపారు.

ఆ పొద్దుటే, అదే హాల్లో, పరీక్షకి ముగ్గురు టీచర్లు వచ్చారు. ఇద్దరు ముందు కూర్చున్నారు. మేడం మాత్రం నేరుగా ఆఖరి వరుసకి వెళ్ళింది. వాళ్ళని చూడగానే గొంతు మళ్ళీ నూతివైపు నడిచింది. గంప వాళ్ళని చూడటం మానేసి, వెనక ఖాళీ కుర్చీ ఒకదాన్ని చూస్తూ మొదలుపెట్టింది. అయ్యేసరికి మేడం లేచి నిలబడి ఉంది.

"ప్రతి మాటా వినబడింది" అంది. గట్టెక్కింది!

గదికి నడుస్తుంటే గంపకి బుర్ర కాస్త తేటపడింది. ఈ చుట్టుపక్కల తెలుగు వచ్చినవాళ్ళు ఎవరున్నారు? తనూ, అక్కా. దెయ్యమట, దెయ్యం! దారి పొడుగునా తనలో తనే నవ్వుకుంది. ఆ చలిలో తనకోసం ఒక మనిషి రాత్రంతా మేలుకుందని తలుచుకుంటే కళ్ళు చెమర్చాయి.

పట్టపగలే గదిలో లైట్లన్నీ వెలుగుతున్నాయి. అక్క మంచం మీద గోడకి ఆనుకుని, దుప్పటి ముసుగేసుకుని కూర్చుంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

గంప వెళ్ళి వాటేసుకుంది. "పాసయ్యానక్కా! రాత్రంతా నాకోసం అక్కడే కూర్చున్నావా? ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని ఎన్నిసార్లన్నావు!"

అక్క ఒళ్ళు మంచులా ఉంది.

"నేనన్నది ఒక్కసారే" అంది. "వినబడట్లేదని... నిన్ను ఆటపట్టిద్దామని. అంతే. వెంటనే పారిపోయి వచ్చేశాను."

"ఎందుకు?"

అక్క గంప చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా పక్క కుర్చీలోంచి ఎవరో... చెవి దగ్గరికి వంగి... అచ్చం మన మాటల్లోనే... 'నువ్వెళ్ళి పడుకో తల్లీ, నేను వింటాలే' అందే..."