యాడ్స్ లేని పాట

"మన రూట్ లీకైంది కరుణ్! ఎవాంజెలిన్‌ను దారిలోనే లేపేస్తారు. ఎలా లీకైందో అంతు చిక్కడం లేదు." ఇయర్‌పీస్‌లో చీఫ్ జ్ఞానదాసు గొంతు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు క్యాబ్ పార్కింగ్‌లో డ్రైవర్ వేషంలో ఉన్న ఏజెంట్ కరుణ్ ప్రయాణికులు వచ్చే దారి వైపు చూశాడు. ఎవాంజెలిన్ డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాకి పనిచేస్తున్న పదకొండు మంది పేర్లు ఆమె బుర్రలో తప్ప ఎక్కడా లేవు.

ఫ్లైట్ దిగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో ఎవాంజెలిన్ వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

"ఏసీ పనిచేస్తుందా?"

"ఎండకాలం ఒక్కటే చెయ్యదు మేడం."

కోడ్ కలిసింది. కారు కదిలింది. డాష్‌బోర్డు మీది ఫోన్‌లో పాట మొదలైంది. దాని స్క్రీన్ చూసి ఆమె తెల్లబోయింది. పెదవులపై వేలు పెట్టి, బోర్డింగ్ పాస్ వెనక లిప్‌స్టిక్‌తో గబగబా రాసింది.

'ఆ పాటల యాప్ మా ముఠాదే. అన్నీ వింటుంది. హంతకులకు నా ముఖం తెలీదు, ఫోన్ ఎక్కడుంటే అక్కడ కాలుస్తారు.'

అయ్యో దేవుడా! మన మొనగాడి తెలివి చూడండి. మూడు రోజుల కింద క్యాబ్‌ల లైన్లో పక్క డ్రైవర్ ఐలయ్య, "గీ యాడ్ల లొల్లి ఏందన్నా? పైసలు గిట్ల కట్టకు. నా ఫోన్ల ఉన్నది పంపిస్త, ఎక్కించుకో" అన్నాడు. ఆ లైన్లో అందరి ఫోన్లలోనూ అదే దొంగ కాపీ యాప్. డౌన్‌లోడ్లు ఫ్రీ, యాడ్లు లేవు. వద్దంటే వేషం బయటపడుతుందని కరుణ్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. నిజానికి ఆశపడ్డాడు. ఇప్పుడు ఆ ఆశే ఆమె ప్రాణం తీయబోతోంది. ఏడుపొచ్చింది.

అద్దంలో బైక్ కనిపించింది. ముందూ వెనకా అన్నీ తెల్ల క్యాబ్‌లే. బైక్ మీద వెనక కూర్చున్నవాడు ఫోన్ చూస్తూ దారి చెబుతున్నాడు.

ముందు చెక్‌పోస్ట్. కరుణ్ బ్రేక్ వేసి, కానిస్టేబుల్ బిక్షానికి ఐడీ చూపించి, బైక్ వైపు సైగ చేశాడు. పాడుతున్న ఫోన్‌ను పోలీస్ జీప్‌లోకి విసిరి, కారును ముందుకు ఉరికించాడు.

బైక్ కారును వెంబడించబోయింది. పిస్టల్ పైకి లేచింది. అంతలో వెనకవాడు ఫోన్ చూసి, "ఆగు, ఇక్కడే!" అని అరిచాడు. ఇద్దరూ దిగి, తిన్నగా జీప్ దగ్గరికి పోయారు. లోపల నలుగురు పోలీసులు ఎదురుచూస్తున్నారు.

సాయంత్రానికి ఎవాంజెలిన్ చెప్పిన పదకొండు మందీ దొరికారు.

"ఇంతకీ లీక్ ఎక్కడ?" అన్నాడు చీఫ్.

"నా దగ్గరే సార్." కరుణ్ తల దించుకుని అంతా చెప్పేశాడు.

ఇంటికెళ్తూ కొత్త ఫోన్‌లో అసలు యాప్ వేసుకున్నాడు. పాట సగంలో ఆగి, టూత్‌పేస్ట్ యాడ్ మొదలైంది. కరుణ్ సౌండ్ పెంచి మరీ చివరిదాకా విన్నాడు.