ఇంటి నంబర్ ముప్ఫై ఒకటి

మంగళవారం ఉదయం పది గంటలకు, శరణార్థి శిబిరంలో బియ్యం కోసం వరసలో నిలబడ్డ, ఊళ్ల కాగితాలు దాచే హుసన్ అలీని వెనకనుంచి పొడిచి చంపారు. చేతిసంచి లాక్కుపోయారు. అందులో గొడుగు తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నానికల్లా ఏజెంట్ ఫయాజ్ కాక్స్ బజార్‌లో బంగ్లాదేశ్ నిఘా విభాగం మేజర్ తౌహీద్ ముందు నిలబడ్డాడు.

"వాళ్లు వెతికిన కాగితాలు?"

"శిబిరం బడిలో నజీర్ మాస్టర్ దగ్గర భద్రంగా ఉన్నాయి సార్."

అవి బర్మాలోని అరకాన్‌లో తగలబడిపోయిన పదకొండు రోహింగ్యా ఊళ్ల పాత ఇంటింటి జాబితాలు. ఆ జనం ఆ మట్టిలోనే పుట్టారనడానికి మిగిలిన రుజువు అదొక్కటే. గురువారం అంతర్జాతీయ కోర్టు లాయర్ల చేతికి వెళ్లాలి. ఈలోపు వాటిని బూడిద చేయాలని సరిహద్దులోని నాఫ్ నది అవతలి ముఠా పథకం.

ఫయాజ్‌ది గ్యాస్ సిలిండర్లు మోసే కూలీ వేషం. చొక్కా గుండీలో కెమెరా. శిబిరంలో అతన్ని కలిసేది మనీరా. విదేశీ అతిథులకు దుబాసీ, నల్లకళ్లద్దాలు, పట్టు ఓణీ, ఎటు నడిస్తే అటు తలలు తిరిగేంత అందం. ముఠాలో ఉంటూ మేజర్‌కి కబుర్లు చేరవేసేది. నిజంగా ఎవరి మనిషో మేజర్‌కే తెలియదు.

"నాఫ్‌లో నీళ్లెలా ఉన్నాయి?" అందామె.

"ఉప్పగానే" అన్నాడు ఫయాజ్. సంకేతం కలిసింది.

గురువారం మధ్యాహ్నం లాయర్లు రావడంతో శిబిరం బడి ఆడవాళ్లతో కిక్కిరిసింది. ఎవరి పేరు ఎక్కడుందో చూసుకోవాలని వాళ్ల ఆత్రం. కొత్త దేశమేదీ తమకు ఇవ్వక్కర్లేదనీ, ఉన్న ఊరు తమదేనని ఒప్పుకుంటే చాలుననీ లాయర్లతో చెప్పమని మాస్టర్ మనీరాను కోరాడు. ఆమె తల ఊపింది, చూపు మాత్రం గడియారం మీదే. ఫయాజ్ సిలిండర్ దించి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టర్ చదవసాగాడు.

"కియారిపారా. ఇంటి నంబర్ ముప్ఫై ఒకటి. యజమాని దిల్ మహమ్మద్. కూతురు మనీరా, వయసు ఆరు."

మనీరా మళ్లీ చదవమంది. మాస్టర్ ఫొటో కూడా చూపించాడు. ఇంటి నంబరు రాసిన పలక పట్టుకున్న తండ్రి, పక్కన రెండు జడల పిల్ల. అప్పటిదాకా ఆమె దగ్గరున్న ప్రతి కాగితమూ దొంగదే. అసలైన పాస్‌పోర్ట్ ఇస్తామన్నందుకే ముఠాకు పని చేస్తోంది.

"ఫయాజ్ భాయ్" ఆమె గుమ్మం దగ్గరికొచ్చింది. "నువ్వు మోసుకొచ్చిన సిలిండర్లో బాంబుంది. నీ వేషం సంగతి వాళ్లకు నేనే చెప్పాను. రెండు నిమిషాలుంది."

ఫయాజ్ సిలిండర్ భుజానికెత్తి పరుగెత్తాడు. బడి వెనక లోయలోకి దొర్లించి నేలకు కరుచుకున్నాడు. కొండ అదిరింది. లేచేసరికి ఒళ్లంతా ఎర్రమట్టి. బడి మాత్రం నిలిచే ఉంది.

లాయర్లు పెట్టె తీసుకుని వెళ్లిపోయారు. మనీరా మెట్టు మీద కూర్చుని, ఊరు వదిలి వచ్చే దారిలోనే నాన్న నదిలో పోయాడని ఎవరూ అడక్కుండానే చెప్పింది. మేజర్ రాగానే చేతులు చాపింది. ఆమె వల్లే నలభైమంది బతికారని ఫయాజ్ వేడుకున్నా బేడీలు పడ్డాయి.

కాగితం మీద నేరం నింపబోతూ గుమాస్తా తలెత్తాడు.

"దేశద్రోహమని రాయమంటారా సార్?"

మేజర్ అతని కలాన్ని ఆపాడు.

"అలా రాయాలంటే ఆ పిల్లకో దేశమంటూ ఉండాలి కదయ్యా."