పొర తీయని తొనలు

టీచరమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి, గోడవైపు తిరిగి అంది.

"కాఫీ ఇక్కడుంది. కావలసినవాళ్ళు తాగొచ్చు."

"కావలసినవాళ్ళకి అక్కర్లేదట," అన్నాడు డ్రైవరు, కిటికీకి చెబుతున్నట్టు.

ఆ మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుని వారం కావస్తోంది. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన ఆవిడకు, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని జబ్బు. బస్సు నడిపి రిటైరైన ఆయనకు, ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య డబ్బా విప్పి నాలుగు ముద్దలు గుటుక్కున మింగేసే అలవాటు. మామూలు రోజుల్లో అయితే నవ్వుకుని పోయే సంగతే. కానీ కిందటేడు ఆయన కడుపులో చెడ్డ గడ్డ ఒకటి బయటపడి, జీర్ణకోశం ముప్పాతిక వంతు తీసేశారు.

"ఇకనుంచి మీ పళ్ళే మీ పొట్ట. మెత్తగా నమిలి తినండి. పీచున్నవి వద్దు," అంది డాక్టరమ్మ. ఆ మాట ఆయన ఆస్పత్రి మెట్లు దిగేలోపే మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోతుందా? పూటపూటా ఎదురుగా కూర్చుని "నమలండి, ఇంకా నమలండి" అని ఒకటే పోరు. కమలాపండంటే ఆయనకు ప్రాణం కాబట్టి, తొన తొనకూ పొర ఒలిచి, గింజ తీసి, లోపలి ముత్యాలు మాత్రం గిన్నెలో పెట్టేది.

పోయిన వారం పక్కింట్లో విందుకు వెళ్ళారు. అక్కడ నలుగురి ముందూ అలవాటు కొద్దీ "నమలండీ!" అంది. అందరూ గొల్లున నవ్వారు. ఆయన ముఖం మాడిపోయింది.

"నేనేం నీ బళ్ళో పిల్లాణ్ణా?" అని ఇంటికి రాగానే విరుచుకుపడ్డాడు.

"పిల్లలే నయం. చెబితే వింటారు!"

"ఇంకోసారి నా పళ్ళెంలోకి తొంగిచూశావో, ఊరుకోను."

"నాకేం పట్టింది? మీ ఇష్టం వచ్చినట్టు తినండి!"

మర్నాడు ఆవిడ కమలాపళ్ళు ఒలిచి, తొనలకు పొర తీయకుండా అలాగే ముందు పెట్టింది. "పొర తీయవే" అని ఆయన ఒక్క మాట అంటే చాలు, గొడవ తీరిపోయేది. ఆయన అనలేదు. ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఒక్కో తొనా మింగేశాడు. ఆవిడా చూస్తూ కూర్చుంది, ఆపలేదు. ఆ తరవాత రోజూ అదే తంతు. ముసలితనంలో వచ్చే పంతం మహా చెడ్డది.

ఇవాళ కాఫీ చల్లారిపోయింది. బాత్రూంలో కొళాయి జోరుగా తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వెనక ఆయన వాంతి చేసుకుంటున్నాడు. టీచరమ్మ తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఏమండీ" అనబోయి మానుకుంది. గబగబా వెళ్ళి, పక్కవీధిలో ఉండే కూతురికి ఫోన్ చేసింది.

ఆఫీసుకు బయలుదేరుతున్న చిట్టి, భుజాన బ్యాగుతోనే వచ్చింది.

"ఏమైంది నాన్నా?"

"నాకేం కాలేదని మీ అమ్మకి చెప్పు."

"పొట్ట అలా రాయిలా ఉబ్బితే ఏం కాలేదంటారేమిటని మీ నాన్నని అడుగు."

"మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా పోస్ట్‌మ్యాన్‌నా?" అని చిట్టి నవ్వబోయింది. అంతలో ఆయన పొట్ట పట్టుకుని రెండుగా వంగిపోయాడు. ఆకుపచ్చగా కక్కుకుని, కుర్చీ పక్కకు ఒరిగిపోయాడు.

కారు చిట్టి నడిపింది. ఆ పిల్ల నడుపుతుంటే ఆయన నోరు ఊరుకున్న రోజు లేదు. బ్రేకు మీద కాలెందుకంటాడు, అద్దం చూడవేమంటాడు. మలుపు దగ్గర గేరు కర్రుమంది. వెనక సీట్లో ఆయన తల ఒళ్ళో పెట్టుకున్న టీచరమ్మ, ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని ఎదురుచూసింది. ఆయన కళ్ళు కూడా తెరవలేదు. "ఇంకా తొందరగా పోనీవే," అంది ఆవిడ.

ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు, స్కాన్ తీశారు. పాత డాక్టరమ్మే వచ్చింది.

"పేగు మూసుకుపోయింది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. పాత కోత దగ్గర పేగులు అతుక్కుని ఉండొచ్చు. లేదా..." అని ఆగింది. "పాత జబ్బు తిరగబెట్టి కూడా ఉండొచ్చు. తినకూడనివేమైనా తిన్నారా?"

"మా అమ్మ ఉండగానా డాక్టర్?" అంది చిట్టి. "తొన తొనకూ పొర ఒలిచి మరీ పెడుతుంది."

ఆ మెప్పు టీచరమ్మకు చెంపదెబ్బలా తగిలింది.

"ఒలవలేదు," అంది మెల్లగా. "ఈ వారమంతా ఒలవకుండానే పెట్టాను. నమలకుండా మింగుతుంటే చూస్తూ కూర్చున్నాను."

"అమ్మా! తెలిసి తెలిసీ పెట్టావా? నాన్నకేమన్నా అయితే?"

"ఏయ్ చిట్టీ!" మంచం మీంచి బొంగురుగొంతు వినిపించింది. "దాన్నేమీ అనకు. మింగింది నేను." ఆయన తల తిప్పి, వారం తరవాత మొదటిసారి పెళ్ళాంతోనే మాట్లాడాడు. "నొప్పి మొన్నట్నుంచే ఉందే. చెబితే నువ్వు గెలుస్తావని చెప్పలేదు."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకునేలోపే మంచం తోసుకుపోయారు.

ఆపరేషన్ గది ముందు బెంచీ మీద టీచరమ్మ బిగుసుకుని కూర్చుంది. జన్మలో అలాంటి మొక్కు ఎవరూ మొక్కి ఉండరు. దేవుడా, తప్పు నాదే కావాలి. ఆ జబ్బు కాకూడదు. నేనే చేశానని తేలాలి, జన్మంతా నన్ను తిట్టుకున్నా సరే. తలుపు కదిలినప్పుడల్లా లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. చిట్టి దూరంగా నిలబడి చాలాసేపు ఏడ్చి, చివరికి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది.

"అరగని కమలా పీచు. ఉండకట్టి పేగుకు అడ్డం పడింది, కోడిగుడ్డంత ఉంది. తీసేశాం. ఆయన బాగానే ఉన్నారు."

"మరి గడ్డ?"

"అంతా వెతికి చూశాం. ఎక్కడా లేదు."

"నేనే!" అని గట్టిగా అరిచింది టీచరమ్మ. కూతురి భుజాలు పట్టుకుని ఊపేసింది. "చిట్టీ, నేనేనే! నేనే చేశాను!" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేరం తన మీద పడ్డందుకు ఇంత సంబరపడిన మనిషిని డాక్టరమ్మ ఎన్నడూ చూసి ఉండదు. చిట్టి అమ్మను గట్టిగా వాటేసుకుంది.

కొన్నాళ్ళకు గొట్టం తీసి, మొదటిసారి నీళ్ళు పట్టమన్నారు. టీచరమ్మ చెంచాతో ఆయన నోట్లో పోసి, పెదాలు బిగపట్టి కూర్చుంది. ఇక జన్మలో "నమలండి" అన్న మాట అనకూడదని ఒట్టేసుకుంది మరి.

ఆయన నీళ్ళు నోట్లోనే పెట్టుకుని ఆవిడవైపే చూస్తున్నాడు. మింగడే!

"ఏమండీ, ఏమైంది?" అంది కంగారుగా.

ఆయన దవడలు మెల్లగా ఆడించడం మొదలుపెట్టాడు. అక్షరాలు దిద్దే పిల్లాడంత శ్రద్ధగా, ఆ చెంచాడు నీళ్ళనే నమలసాగాడు.

"ఇక చాలండీ," అంది ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మింగండి."