దండ పడ్డ ఫొటో

"నేను బతికే ఉన్నానండీ!"

మూడు నెలలుగా ఫోన్లోనే మాట్లాడుకున్న అమ్మాయిని మొదటిసారి ఎదురుగా చూసి నేనన్న మాట అది. అనాలనుకున్నది వేరు. బందరు నుంచి బస్సులో దారంతా అదే మననం చేసుకుంటూ వచ్చాను.

పటమటలో కొత్తగా పెట్టిన రచయితల మ్యూజియం అది. పెద్ద పెద్ద రచయితల ఫొటోలు, కళ్లజోళ్లు, పాత పెన్నులు అద్దాల వెనక ఉన్నాయి. ఆ రోజే ప్రారంభం. ఒకే ఒక్క కథల పుస్తకం వేసిన నాకూ వరస చివర ఓ ఫొటో దక్కింది. దానికి బంతిపూల దండ వేలాడుతోంది.

ఆ అమ్మాయే సింధూరి, మ్యూజియం ఏర్పాట్లన్నీ చూస్తోంది. నా మాట విని గబగబా వచ్చింది.

"సూర్యప్రకాష్ గారా? అయ్యో! మీకూ వేసేశాడా వెంకటప్పయ్య? వరసలో ఒక్క ఫొటో కూడా వదలొద్దని అటెండరుకి నేనే చెప్పానండీ. ఏ ఫొటో అయినా బోసిగా ఉంటే చిన్నచూపు చూశామనుకుంటారని..."

"మర్యాద చేశారన్నమాట."

"ప్లీజ్, నవ్వకండీ."

"నేను నవ్వట్లేదు. వెనక బస్సులో మా అమ్మ వస్తోంది."

సింధూరి మొహంలో రంగు మారింది. మా అమ్మ సంగతి ఆమెకు తెలుసు. అమ్మ బందరులో చేపలమ్మి నన్ను చదివించింది. తనకు చదువు రాదు. ఇంత మ్యూజియంలో ఆమె గుర్తుపట్టగలిగేది నా మొహం ఒక్కటే. నాన్న ఫొటోకి దండ వేసిన రోజు నుంచీ అమ్మ బంతిపూలు కొనడం మానేసింది.

ఫోను మోగింది.

"ఒరే, బెంజిసర్కిల్ దాటామంట. ఆటో అబ్బాయి వచ్చేశామంటున్నాడు."

దండని వెంకటప్పయ్య మేకుకి తీగతో బిగించి కట్టాడు. సింధూరి స్టూలు లాక్కొచ్చింది.

"ఎక్కండి, నేను పట్టుకుంటా."

"పడనని గ్యారంటీ ఉందా?"

"మీ కథల్లో హీరోలకున్న ధైర్యం మీకు లేదేంటండీ?"

"వాళ్లకు స్టూలెక్కే పని పడలేదండీ."

ఎక్కాను. ముడి రావట్లేదు. బయట వాన మొదలైంది.

"ఇంతకీ ఫంక్షన్ పదింటికైతే ఎనిమిదింటికే వచ్చారేంటి?"

"బస్సు... తొందరగా వచ్చేసిందండీ."

"రెండు గంటలు తొందరగానా!"

ఆమె నవ్వు చూస్తూ తీగని గట్టిగా లాగాను. ముడి ఊడింది. దండ నా చేతుల్లోంచి జారి, కింద తలెత్తి చూస్తున్న సింధూరి మెడలో సరిగ్గా పడింది.

అప్పుడే గుమ్మంలో గొడుగు ముడుస్తూ మా అమ్మ నాంచారమ్మ!

స్టూలు మీద నన్ను చూసింది. దండతో ఉన్న అమ్మాయిని చూసింది.

"ఏంట్రా ప్రకాశూ, నాకు చెప్పకుండానే దండేసేశావా?"

"అది కాదమ్మా, అది ఫొ..." నాలుక కరుచుకున్నాను.

"జారి పడిందండీ," అంది సింధూరి.

"జారిందో, ఈడే జార్చాడో! రోజూ రాత్రి ఫోన్లో సింధూరి గారూ, సింధూరి గారూ అంటుంటాడు. నువ్వేనా అమ్మా?"

సింధూరి నావైపు చూసింది. "రెండు గంటలు తొందరగా వచ్చింది అందుకేనా అండీ?"

"అవునండీ. మిమ్మల్ని చూడాలని మొదటి బస్సెక్కాను. మీకిష్టమైతే అమ్మని తీసుకుని మీ ఇంటికొచ్చి అడుగుతాను."

స్టూలు మీద నిలబడే చెప్పాను. దిగితే ధైర్యం కూడా దిగిపోయేలా ఉంది.

సింధూరి దండ తీయలేదు. నాతో కాదు, అమ్మతో అంది.

"గుణదలలో మా ఇల్లండీ. ఆదివారం నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. చేపల పులుసంటే ఆయనకి ప్రాణం."

"అయితే మంచి కొరమేను తెస్తాను," అంది అమ్మ.

తర్వాత నా ఫొటో దగ్గరికెళ్లింది. అద్దాన్ని పైటచెంగుతో తుడిచింది. "నా కొడుకేనండీ," అంది, పక్క ఫొటోలోని పెద్దాయనకి చెబుతున్నట్టు.

వెనక్కి వచ్చి, సింధూరి మెడలో వంకరగా ఉన్న దండని సర్దింది. వేళ్లు బంతిపూల మీద కాసేపు ఆగాయి.

"వెళ్లేటప్పుడు బంతిపూలు కొనుక్కెళ్దాంరా," అంది.