అవసరమాపకం ఇచ్చిన జాబితా

తొమ్మిదో రోజు ఉదయం పది గంటలకు అవసరమాపకం అనే యంత్రం టక్కున ఆగి, ఆకుపచ్చ లైటు వెలిగించింది. డాక్టర్ ఇందుశేఖర్ కాఫీ గ్లాసు కింద పెట్టి కళ్లజోడు సర్దుకున్నారు. ఎదురుగా వల్లభరావు ఇంటర్ ఫలితాలు చూసుకునే కుర్రాడిలా నిలబడ్డాడు. అతని భార్య సుగుణ మాత్రం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బల్ల మీద జాకెట్టు గుడ్డ పరిచి కత్తిరిస్తోంది.

అది 2047. విజయవాడలో బందరు కాలువ పక్కన లేచిన నలభై అంతస్తుల భవనాల్లో ఒక్కో ఇల్లు నూట ఎనభై చదరపు అడుగులు. పగలు మంచం గోడలోకి పోతుంది, పొయ్యి అరలోకి పోతుంది. బల్ల ఒక్కటే ఎక్కడికీ పోదు. సుగుణ జాకెట్ల పని ఆ బల్ల మీదే. వల్లభరావు కొనాలనుకుంటున్న కంప్యూటర్ క్యాబినెట్ పెట్టాల్సిందీ దాని మీదే.

"అది వస్తే నేను నేల మీద కూర్చుని కత్తిరించాలి. నా నడుము సంగతి మీకు తెలుసు కదండీ," అని సుగుణ రెండేళ్లుగా చెబుతోంది.

"నేను 3D డిజైన్ నేర్చుకుంటున్నానా లేదా? దానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ కావాలి. ఆ కార్డ్ పట్టాలంటే క్యాబినెట్ పెద్దది కావాలి," అని అతనూ రెండేళ్లుగా చెబుతున్నాడు.

మనవాళ్లు కుక్కర్ దగ్గర్నుంచి ఏది కొన్నా "ఎందుకైనా మంచిది" అని ఒక సైజు పెద్దదే కొంటారు. ఆ అలవాటు ఇంత చిన్న ఇళ్లలో ఇమడలేదు. అందుకే ఇందుశేఖర్ ఈ యంత్రం తయారుచేశారు. ఇడ్లీ పాత్రంత పెట్టె. పాత కంప్యూటర్‌కి తగిలిస్తే తొమ్మిది రోజులు మనిషి నిజంగా ఏం చేస్తున్నాడో చూస్తుంది. ఏం చేస్తానంటున్నాడో మాత్రం వినిపించుకోదు. చివరికి సరిగ్గా సరిపోయే కంప్యూటర్‌కి భాగాల జాబితా ఇస్తుంది.

"చిన్న మదర్‌బోర్డ్. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్. RAM రెండు స్టిక్‌లు, ఒక SSD," అని ఇందుశేఖర్ చదివారు. "క్యాబినెట్ లంచ్ బాక్స్ అంత చాలు."

"గ్రాఫిక్స్ కార్డ్ మర్చిపోయినట్టుంది సార్."

"మర్చిపోలేదు. బొమ్మ చూపించే పని కూడా ప్రాసెసరే చేసుకుంటుంది. విడిగా మెమరీ ఉండదు కాబట్టి RAMలోంచే కొంత వాడుకుంటుంది. వేడి తక్కువ, చోటు తక్కువ, ఖర్చూ తక్కువ."

"మరి నా 3D?"

ఇందుశేఖర్ కాగితం రెండోవైపు తిప్పారు. "తొమ్మిది రోజుల్లో ముప్పై ఎనిమిది గంటలు కూర్చున్నారు. 3D సాఫ్ట్‌వేర్ తెరిచింది పదకొండు నిమిషాలు. అందులో తొమ్మిది నిమిషాలు అది అప్‌డేట్ అయింది."

సుగుణ కత్తెర ఆగింది. "మిగతా టైమంతా ఏం చేశారు సార్?"

"కొత్త కంప్యూటర్‌లో ఏమేం వేయాలో చదివారు, పోల్చారు, జాబితాలు రాశారు. నలభై ఆరు జాబితాలు. అంటే అమ్మా, ఈయన కంప్యూటర్ వాడేది కంప్యూటర్ కొనడం గురించి ఆలోచించడానికే. దానికి ఇది ధారాళంగా సరిపోతుంది."

వల్లభరావుకి తల ఎత్తబుద్ధి కాలేదు. సుగుణకి నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. నవ్వు ఆపుకుంది.

లంచ్ బాక్స్ అంత కంప్యూటర్ వచ్చి బల్ల మూలన కూర్చుంది. రెండు వారాలు సుగుణ హాయిగా గుడ్డ పూర్తిగా పరిచి కత్తిరించుకుంది. వల్లభరావు మాత్రం చిక్కిపోయాడు. కొనడం అయిపోయింది, ఇక ఆలోచించడానికేం మిగల్లేదు. పప్పులో ఉప్పు లేకపోయినా గమనించకుండా తినేసేవాడు. అది చూడలేక సుగుణే ఒకటి రెండుసార్లు, ఇంకో కంప్యూటర్ గురించి ఆలోచించుకోమని కూడా చెప్పింది.

ఈలోగా అవసరమాపకం భవనమంతా తిరిగింది. తిరిగిన ప్రతి ఇంట్లో ఒక లంచ్ బాక్స్, ఒక చిన్నబోయిన మొహం మిగిలాయి. ఒక ఆదివారం పదిహేడో అంతస్తు నుంచి నాగభూషణం వచ్చాడు.

"మీకు బాగా తెలుసటగా. నాకు పెద్దది ఒకటి ప్లాన్ చేసిపెట్టండి. కొనను లెండి. ఊరికే, చదువుకోడానికి."

వల్లభరావు ముఖంలోకి నెత్తురొచ్చింది. మూడు గంటలు కూర్చుని, రెండు గ్రాఫిక్స్ కార్డులు, లిక్విడ్ కూలింగ్, అద్దాల క్యాబినెట్ వేసి జాబితా రాసిచ్చాడు. చిన్న కంప్యూటర్ ఎక్కడా ఆగకుండా పనిచేసింది. యంత్రం లెక్క తప్పలేదు. మరుసటి ఆదివారం నలుగురొచ్చారు. నెల తిరిగేసరికి రోజూ బల్ల చుట్టూ స్టూళ్లే.

అలాంటి ఒక సాయంత్రం ఇందుశేఖర్ గుమ్మంలో కనిపించారు. సుగుణకి ప్రాణం లేచివచ్చింది.

"సమయానికి వచ్చారు సార్. మీ యంత్రం నా బల్ల కాపాడిందనుకున్నాను. ఇప్పుడు చూడండి, చుట్టూ మనుషులే. కొనని కంప్యూటర్ల కోసం ఈ రాద్ధాంతమేమిటో మీరే నాలుగు మాటలు చెప్పండి."

ఆయన అంతా విని, తలూపి, చెప్పులు విప్పి లోపలికొచ్చారు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు.

"నాక్కూడా లంచ్ బాక్సే ఇచ్చిందమ్మా," అన్నారు చాలా చిన్న గొంతుతో. "ఆ గుడ్డ కాస్త జరుపుతారా?"

సుగుణ ఆయన ముఖంలోకి చూసింది. తిట్టాలనిపించింది, కానీ అదీ వల్లభరావు మొహంలాగే చిన్నబోయి ఉంది.

"కూర్చోండి సార్. మీకంటే ముందు ఏడుగురున్నారు," అని గుడ్డా కత్తెరా తీసుకుని, నడుము పట్టుకుని, మెల్లగా నేల మీద కూర్చుంది.