మిగిలిన ఎనిమిది నిమిషాలు

ఆ క్యాథ్ ల్యాబ్‌కి కిటికీలు లేవు. బయట ఎండ మండినా, వాన కుమ్మరించినా లోపల అదే చలి, అదే స్పిరిట్ వాసన, అదే మానిటర్ కూత. రక్తనాళంలోంచి గుండెదాకా సన్నటి గొట్టం పంపి, మందు వదిలి, తెర మీద బొమ్మ చూసే గది అది. బొమ్మ చూసేది డాక్టరు. గొట్టం తీశాక ఆ కన్నం మూసుకునేదాకా వేళ్ళతో నొక్కి పట్టుకునేది టెక్నీషియన్. డాక్టరు పేరు తలుపు మీద ఉంటుంది. నొక్కేవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఈ టెక్నీషియన్ని మాత్రం అందరూ 'గడియారం' అని పిలిచేవాళ్ళు. తొడ మొదట్లో గొట్టం తీస్తే ఇరవై నిమిషాలు నొక్కాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. అలాగని బలంకొద్దీ నొక్కినా ముప్పే. పైకి చిమ్మే రక్తం ఆగాలి గానీ పాదానికి పోయేది ఆగకూడదు. అందుకని ఇతను నొక్కుతుంటే ల్యాబ్ నర్సు పాదం మీద చెయ్యి వేసి నాడి చూస్తూ ఉండేది. ఇతను గోడ గడియారం వంక చూడకుండానే సరిగ్గా ఇరవయ్యో నిమిషానికి చేతులెత్తేవాడు. పదిహేనేళ్ళుగా అంతే.

ఆరు వారాల కిందట ఒక్కసారి తప్పాడు.

ఆవిడ బట్టలు కుట్టుకు బతికే ముసలావిడ. టేబుల్ ఎక్కేముందు, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా నడిమి వేలికి పెట్టుకునే, ఒళ్ళంతా చిన్న చిన్న గుంటలున్న ఇత్తడి తొడుగు తీసి ఇతని చేతిలో పెట్టింది. "నాకు అన్నం పెట్టేది ఇదే బాబూ. భద్రం, మళ్ళీ ఇవ్వాలి" అంది. పరీక్షలో ఏమీ తేలలేదు. గుండె నిక్షేపంలా ఉంది. గొట్టం తీసి నొక్కుతుంటే డాక్టరు పక్కనున్న అద్దాల గదిలోంచి తొందరపెట్టాడు.

"ఇంకెంతసేపయ్యా? తర్వాతి పేషెంటు వచ్చి అరగంటైంది."

అప్పటికి పన్నెండు నిమిషాలు. ఇతను చేతులెత్తాడు. పాదం పట్టుకున్న నర్సు గడియారం చూడలేదు; ఇతను ఎత్తాడంటే ఇరవై అయినట్టే. చర్మం పొడిగానే ఉంది. కట్టు కట్టి, కాగితం మీద అలవాటుగా 'ఇరవై' అని రాశాడు.

"నడుం లాగేస్తోంది బాబూ" అంది ఆవిడ.

"వెల్లకిలా పడుకుంటే అందరికీ అంతే పెద్దమ్మా."

రక్తం బయటికి రాలేదు. లోపల్లోపలే కడుపు వెనక్కి కారింది. సాయంత్రానికి ఆవిడ పోయింది. విచారణ జరిగింది. కాగితంలో ఇరవై ఉంది కాబట్టి నొక్కినవాడి తప్పు లేదన్నారు. వార్డుకి తీసుకెళ్ళిన ల్యాబ్ నర్సు సరిగ్గా కనిపెట్టుకుని ఉండలేదని ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. వెళ్ళిపోతూ ఆ పిల్ల ఇతనితో ఒకే మాట అంది: "మీరు ఇరవై అంటే ఇరవయ్యే అన్నయ్యా. నేనే ఎక్కడో చూసుకోలేదు."

ఇతను తల దించుకున్నాడు. నోట్లో నాలుక ఉండి ఏం లాభం! ఇత్తడి తొడుగు ఇప్పటికీ సొరుగులో గ్లవుల పెట్టె కింద ఉంది. ముసలావిడ కొడుక్కి ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

ఇవాళ మధ్యాహ్నం టేబుల్ మీద ఉన్నది ఇతని అక్క. అమ్మ పోయాక ఇతన్ని పెంచింది ఆవిడే. నెల్లాళ్ళుగా మెట్లెక్కితే ఆయాసం అంటోంది. తమ్ముడి ఆసుపత్రి కదా అని కొండంత ధైర్యంతో వచ్చింది.

"చిన్నప్పుడు నీ నుదుటి మీద తడిగుడ్డ నొక్కి నా చేతులు పడిపోయాయిరా. ఇవాళ నువ్వు నొక్కు, చెల్లుకి చెల్లు" అని నవ్వింది.

ముందు చేతిలోంచి గొట్టం పంపబోతే అక్కడి రక్తనాళం బిగుసుకుపోయింది, అందుకని డాక్టరు కుడి తొడలోంచి వెళ్ళాడు. అడ్డంకులేమీ లేవు. "మీ అక్క గుండె నీకంటే గట్టిదయ్యా" అంటూ గ్లవులు లాగి పారేసి వెళ్ళిపోయాడు. నర్సు స్థానంలో ఇంకా ఎవరినీ వెయ్యలేదు. రెండో టెక్నీషియన్ సెలవు. సొంతవాళ్ళని ముట్టుకోవద్దంటారు గానీ, ఇంకో చెయ్యి ఏది? ఉన్న చెయ్యిని ఇతనే పోగొట్టాడు.

గొట్టం లాగి, మూడు వేళ్ళు ఆనించి నొక్కాడు. గడియారం రెండూ పది చూపించింది.

తెర కోసం తగ్గించిన దీపాలు అలాగే ఉన్నాయి. ఏసీ సన్నగా రొద పెడుతోంది. అక్క కళ్ళు మూసుకుంది. మానిటర్ కూస్తోంది... కూతకో దెబ్బ వేళ్ళ కింద తగులుతోంది. పది నిమిషాలు బాగానే గడిచాయి.

ఆ తర్వాత లెక్క తప్పింది.

మానిటర్ రెండుసార్లు కూస్తే వేళ్ళ కింద ఒక్కసారే కొట్టుకుంటోంది. నీరసంగా... ఆగి ఆగి... ఇది అక్క నాడి కాదు. ఇతనికి ఆ నాడి తెలుసు. ఆరు వారాల కిందట ఇదే టేబుల్ మీద, ఇవే వేళ్ళకి తగిలింది.

స్పిరిట్ వాసనలోంచి కుట్టుమిషన్ నూనె వాసన వచ్చింది. చేతి మీద ఇంకేదో చెయ్యి ఆనింది. చల్లగా. నడిమి వేలి చివర గుండ్రంగా, గట్టిగా, లోహంలా...

"ఎత్తకు బాబూ... ఇంకా ఎనిమిది."

తల తిప్పలేదు. తిప్పడానికి మెడ రాలేదు. కళ్ళు మాత్రం గడియారం వైపు తిప్పాడు. రెండూ ఇరవై రెండు. పన్నెండు నిమిషాలు. సెకన్ల ముల్లు గిర్రున తిరుగుతోంది. నిమిషాల ముల్లు కదలడం లేదు.

"నడుం లాగేస్తోందిరా" అంది అక్క.

అవే మాటలు. లోపల కారుతోంది... కారిపోతోంది... ఒంటి బరువంతా వేళ్ళ మీద వేశాడు.

"ఒరేయ్, కాలు మొద్దుబారుతోంది."

"ఇంకొంచెం అక్కా."

"నొప్పిరా... వదలరా..."

"వదలను."

పన్నెండు. ఇంకా పన్నెండే. చెమట కళ్ళలోకి కారింది. చేతుల మీది చెయ్యి బరువెక్కింది. అక్క ఏడుస్తోంది. పన్నెండే...

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఏం చేస్తున్నావయ్యా? ఆ పాదం చూడు!"

అక్క కుడి పాదం కొవ్వొత్తిలా తెల్లబడింది. డాక్టరు ఇతని వేళ్ళు ఒక్కొక్కటే పెరికి తీయాల్సి వచ్చింది. గోడ గడియారం రెండూ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది. ఇరవై ఎనిమిది నిమిషాలు. ఇరవై అక్కవి. మిగతా ఎనిమిదీ ఎవరివో చెప్పమంటే ఇతను చెప్పగలడు.

అంత నొక్కుడుకి రక్తం గడ్డకట్టింది. సర్జన్ అదే చోట కోసి గడ్డ తీశాడు. కాలు దక్కింది. రెండు కాలివేళ్ళ సంగతి రేపు చూద్దాం అన్నాడు.

వరండాలో ఇతను డాక్టరు కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. "సార్, ఆ రోజు నేను పన్నెండే నొక్కాను. ఇరవై అని అబద్ధం రాశాను. నర్సు తప్పేం లేదు. చెప్పేస్తాను సార్."

డాక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ ఫైలు మూసేశారు. తెరిస్తే నువ్వు పోతావు, తొందరపెట్టినందుకు నేనూ పోతాను. అప్పుడు మీ అక్క కాలు ఎవరు చూస్తారు? ఇవాళ్టిది కూడా ఇరవై అని రాసెయ్. వెళ్ళు."

తిలా పాపం తలా పిడికెడు. ఇతను ఫోను తీశాడు, నర్సు నంబరు దాకా వెళ్ళాడు, మళ్ళీ జేబులో పెట్టేశాడు. కాగితం మీద ఇరవై అని రాశాడు. చెప్పడానికి దొరికిన రెండో అవకాశం కూడా అలా నేలపాలు చేసుకున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం వార్డులో అక్క నీరసంగా కళ్ళు తెరిచింది. పాదం వెచ్చగానే ఉంది.

"కుడివైపు సరే. ఎడమవైపెందుకు నొక్కారురా?"

"ఎడమవైపు ఎవరూ ముట్టుకోలేదక్కా."

"మరి ఈ నొప్పేంటి?"

దుప్పటి పక్కకి జరిపాడు. ఎడమ తొడ మొదట్లో సూది గుచ్చిన గుర్తు లేదు. మూడు వేళ్ళ కమిలిన మచ్చలు మాత్రం ఉన్నాయి. నడిమి మచ్చ గుండ్రంగా ఉంది, దాని నిండా చిన్న చిన్న చుక్కలు వరసగా అచ్చుపడ్డాయి.

ఆ మచ్చల మీదే తన మూడు వేళ్ళూ ఆనించాడు. కింద నాడి ఉంది. నీరసంగా... ఆగి ఆగి... అక్క తల దగ్గరి మానిటర్ మాత్రం చకచకా కూస్తోంది. వేళ్ళు కొంచెం తేలిక చేశాడు.

తడి తగిలింది.

మళ్ళీ నొక్కాడు. తడి ఆగింది. నర్సు నంబరున్న ఫోను జేబులోనే ఉంది. తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఒరేయ్... నడుం లాగేస్తోందిరా" అంది అక్క.

వార్డు గోడ మీద గడియారం టిక్కుటిక్కుమంటోంది. నొక్కడం మొదలుపెట్టి పన్నెండు నిమిషాలు. ఎంతసేపు చూసినా పన్నెండే.